కొత్త ఇంజన్ మీద పాత మూత

ఓవెన్ తలుపు తియ్యగానే గుప్పుమన్న కంపుకి లోర్నా ముక్కు మూసుకుని వెనక్కి జరిగింది.

అది మాంసం వేగుతున్న వాసన కాదు. మాడిన రంగు, పాత ఇంజనాయిలు, కాలిన రబ్బరు మూడూ కలిసిన గబ్బు. పై అరలో, మాంసంతో తినే యార్క్‌షైర్ పుడ్డింగులు పెట్టాల్సిన చోట, మూరెడు పొడవున్న రేకు మూత ఒకటి ముదురెరుపు రంగు పూసుకుని నిగనిగలాడుతోంది. కింది అరలో ఆదివారం భోజనానికని పొద్దున్నే పెట్టిన గొడ్డు మాంసం. మూత అంచు నుంచి జారిన రంగుబొట్టు సరిగ్గా ఆ మాంసం మీద పడి గట్టిపడింది.

"క్లైవ్!"

గ్యారేజీలోంచి క్రికెట్ కామెంటరీ మాత్రం వినపడుతోంది.

హార్స్‌రాడిష్ పచ్చడి సీసా అయిపోయిందని వీధి చివరి కొట్టుదాకా వెళ్ళొచ్చింది, అంతే. ఆ కాస్త సేపట్లో ఈ ఘనకార్యం. పైగా ఈ ఓవెన్ ఏరికోరి కొన్నది మొగుడనే ఆ మహానుభావుడే. కోవెంట్రీ జనానికి వంటగదులు అమ్మిపెట్టే ఉద్యోగం ఆయనది. షోరూములో టై కట్టుకుని నిలబడి "వంటగది ఇంటికి గుండెకాయండీ" అని చెప్పే మనిషి, సొంతింటి గుండెకాయలో ఇంజన్ మూతలు కాల్చుకుంటున్నాడు.

ఇదే మొదటిసారి అయితే సరిపెట్టుకునేది. కార్బరేటర్ ముక్కల్ని గిన్నెలు కడిగే మెషీన్‌లో పడేసినప్పుడు వారంపాటు చెంచాలు పెట్రోలు కంపు కొట్టాయి. సీట్ల తోలు నానబెట్టిన స్నానాలతొట్టికి ఆ నల్లచార ఇప్పటికీ పోలేదు. అన్నిటికీ ఒకటే మంత్రం చదివేవాడు. "మీ నాన్న కారే కదా లోర్నా, పరాయివాళ్ళదా?"

ఆ మాటతో ఆమె నోరు మూతపడేది. నిజమే, నాన్న కారే. ముదురాకుపచ్చ ఎం.జి. స్పోర్ట్స్ కారు. నాన్నకి చూపు మందగించి లైసెన్సు తిరిగిచ్చేసిన రోజున, కొంటామని వచ్చినవాళ్ళందరినీ కాదని అల్లుడి చేతిలో తాళాలు పెట్టాడు. ఇవాళ ఒంటిగంటకి వస్తున్నాడు. రెండేళ్ళ తర్వాత ఆ కారు మళ్ళీ కదలబోతోంది, పక్క సీట్లో నాన్న కూర్చోవాలి.

లోర్నా చేతులకి గుడ్డతొడుగులు వేసుకుని, మూతని చచ్చిన ఎలుకని పట్టుకున్నట్టు దూరంగా పట్టుకుని, గ్యారేజీలోకి నడిచింది.

క్లైవ్ బానెట్ కింద తల పెట్టి ఏదో బిగిస్తున్నాడు. తలెత్తి చూసి గతుక్కుమన్నాడు.

"అయ్యో, అప్పుడే తీసేశావా? అదింకా ఆరలేదు!"

"సిగ్గుందా నీకు? మాంసం మీద రంగు పడింది."

"ఆ పక్క కోసేస్తే సరి. అంతదానికి..."

"అంతదానికా? తినే తిండి అది! మా నాన్న నోట్లో పెట్టుకునే తిండి!"

"అరవకు. పక్కింటివాళ్ళు తోటలో ఉన్నారు."

"ఉండనీ! వినితీరాలి వాళ్ళు! ఈ పెద్దమనిషి..."

ఆమె చూపు బానెట్ కిందికి వెళ్ళింది.

చిన్నప్పుడు నాన్నకి టార్చి పట్టుకుని నిలబడ్డ పిల్ల ఆమె. ఆ కారు ఇంజన్ ముఖం ఆమెకి మేనమామ ముఖం తెలిసినంత బాగా తెలుసు. పొడుగ్గా, మొరటుగా ఉండే ఇనప దిమ్మ, దాని పక్కన అంటుకున్న రెండు కార్బరేటర్లు. ఇక్కడున్నది అది కాదు. పొట్టిగా, తెల్లగా, ప్లాస్టిక్ గొట్టాలు, రంగురంగుల తీగలు చుట్టుకున్న మరేదో.

"ఇదెవరిది?" అంది.

"ఏది?"

"ఈ ఇంజన్ ఎవరిదని అడుగుతున్నా."

"మనదే."

"మా నాన్నది ఏదీ?"

క్లైవ్ గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకోసాగాడు. ఒక్కో వేలూ తుడిచాడు.

"నిన్నే! వర్క్‌షాపు నుంచి ఇంజన్ వచ్చిందన్నావు కదా, పోయిన నెల? పెద్ద పెట్టె దింపించావు కదా?"

"ఇదే వచ్చింది. జపాన్‌ది. చాలా మంచి ఇంజన్ లోర్నా. చుక్క ఆయిలు కారదు. ఎంత చలిలోనైనా ఒక్క తిప్పుకి..."

"మా నాన్నది ఏదీ అన్నాను."

"పగిలిపోయింది."

"ఇనుము పగలడమేంటి?"

క్లైవ్ రేడియో ఆపేశాడు. అప్పుడు చెప్పాడు, నేల చూపులు చూస్తూ. పోయిన జనవరిలో ఇంజన్ లోపలి తుప్పు కడగడానికి మామూలు కొళాయి నీళ్ళు పోశాడట. మర్నాడు తీసేసి, చలికి గడ్డకట్టని యాంటీఫ్రీజ్ పోద్దామనుకున్నాడట. ఈలోపు జ్వరం వచ్చి పడుకున్నాడు. నీళ్ళు లోపలే గడ్డకట్టాయి. లేచి వచ్చి చూస్తే దిమ్మ పక్క నిలువునా చీలి ఉంది.

"కొళాయి నీళ్ళు పోసి వదిలేశావా? ఇంగ్లండులో? జనవరిలో?" లోర్నాకి నమ్మబుద్ధి కాలేదు. "చంటిపిల్లాడికి కూడా తెలుసు క్లైవ్! చలికాలం వస్తోందంటే మా నాన్న కోటు తియ్యకముందే యాంటీఫ్రీజ్ డబ్బా తీసేవాడు!"

"తప్పే. కావాలని చేశానా?"

"చెప్పొచ్చుగా మరి! ఇన్నాళ్ళు నోట్లో నాలుక లేదా?"

"ఎలా చెప్పను? ఆయన పెట్టింది ఒక్కటే షరతు. బాడీ మార్చుకో, సీట్లు మార్చుకో, రంగు మార్చుకో, ఇంజన్ మాత్రం అదే ఉండాలన్నాడు. ఆ ఒక్కదాన్నీ నేను..."

ఆ షరతు ఎందుకో ఇద్దరికీ తెలుసు. లోర్నా కడుపులో ఉండగా, ఒక చలికాలమంతా అమ్మ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆ ఇంజన్ వాల్వుల్ని సరిగ్గా మూసుకునేలా ఒక్కొక్కటే అరగదీసింది. కొసన రబ్బరు బుడిపె ఉన్న కర్రని వాల్వుకి తగిలించి, రెండరచేతుల మధ్య కవ్వం తిప్పినట్టు తిప్పుతూ, నూరుడుమందు అద్దుతూ. దంతవైద్యుడి భార్యకి ఇదేం పని అని చుట్టాలు నవ్వితే, మా ఆయన నోళ్ళు బాగుచేస్తాడు, నేను వీటి నోళ్ళు బాగుచేస్తున్నా అనేదట. అమ్మ పోయి తొమ్మిదేళ్ళు. ఆమె బట్టలన్నీ దానం చేసేసిన నాన్న, ఆ ఇంజన్ చప్పుడు వినడానికి మాత్రం ప్రతి ఆదివారం కారు తీసేవాడు.

"ఇప్పుడది ఎక్కడుంది?" అంది లోర్నా.

"మాల్కం ఇంట్లో."

"మాల్కం ఇంట్లో ఎక్కడ?"

"హాల్లో."

"హాల్లో ఇంజన్ ఏం చేస్తోంది?"

క్లైవ్ మెడ రుద్దుకున్నాడు. "దాని మీద అద్దం పలక వేసి..."

క్లైవ్ స్నేహితుడు మాల్కం ఇంట్లో టీపాయ్! పోయిన వారం అతని భార్య జేనిస్ పుట్టినరోజుకి వెళ్ళినప్పుడు అందరూ చుట్టూ చేరి మెచ్చుకున్న టీపాయ్! వెండిలా తోమిన ఇనప దిమ్మ, పైన దళసరి అద్దం. దాని మీదే వైన్ గ్లాసులు పెట్టారు. దాని మీదే ఉప్పుచిప్స్ ఒలకబోశారు. తను స్వయంగా జేనిస్‌తో "ఎంత ముచ్చటగా ఉందో, ఎక్కడ దొరికింది?" అని అడిగింది. అడిగినప్పుడు మాల్కం క్లైవ్ వైపు చూసి కన్ను కొట్టాడు. ఏదో మగవాళ్ళ వేళాకోళం అనుకుంది.

"థూ!" అంది. నిజంగానే ఉమ్మెయ్యాలనిపించింది. "దాని మీద నా చేత కప్పు పెట్టించావు. పక్కన కూర్చుని చూస్తూ ఉన్నావు."

"పగిలిన దిమ్మ ఎందుకు పనికొస్తుంది లోర్నా? మాల్కం అడిగాడు, ఇచ్చా."

"మరి ఈ మూత ఎందుకు? ఇంజనే లేనప్పుడు దీనికి రంగెందుకు?"

అప్పుడు చూసింది. జపాన్ ఇంజన్ మీద నాలుగు చిన్న ఇనప కాళ్ళు బిగించి ఉన్నాయి. మూత కూర్చోవడానికి.

"ఆయనకి కళ్ళు కనపడవు కదా," అన్నాడు క్లైవ్ మెల్లగా. "చేత్తో తడుముతాడు. చేతికి పాత మూత తగిలితే చాలు. ముసలాయన సంతోషంగా ఇంటికెళ్తాడు. ఎవరికి నష్టం?"

మొగుడు తప్పు చెయ్యడం, దాచడం, బుకాయించడం లోర్నాకి కొత్తేం కాదు. కానీ గుడ్డివాడి వేళ్ళని మోసం చెయ్యడానికి కూర్చుని, కొలతలు తీసి, కాళ్ళు బిగించి, రంగు పూసి, అన్నం వండే పొయ్యిలో కాల్చాడు. ఎంత శ్రద్ధగా చేశాడో! అతని గోళ్ళ కింద మట్టి, మెడ మీద చెమట, ఆ ఎర్రచారల చొక్కా, ఏది చూసినా ఆమెకి వెలపరం పుట్టింది.

"నాన్న రాగానే చెప్పేస్తాను," అంది.

"నీ ఇష్టం. ఆయన ముఖం చూసి చెప్పగలిగితే చెప్పు."

మూతని అతని పనిబల్ల మీద పడేసి వచ్చేసింది.

* * *

లోర్నా నాన్న సిరిల్ టాక్సీ దిగేటప్పటికే ముస్తాబై ఉన్నాడు. తలకి గళ్ళటోపీ, చేతులకి పాత డ్రైవింగ్ తొడుగులు, మెడకి మఫ్లరు. ఎనభై దాటిన మనిషి బడికి మొదటిరోజు వెళ్ళే పిల్లాడిలా గుమ్మంలో నిలబడి, అంచుల్లో మాత్రమే కనిపించే చూపుతో కూతుర్ని వెతుక్కున్నాడు.

"ఎక్కడమ్మా?"

"ఇక్కడే నాన్నా."

"రాత్రంతా నిద్రపట్టలేదే. పిచ్చి అనుకో. అది ఒకసారి మోగితే మీ అమ్మతో కాసేపు కూర్చున్నట్టుంటుంది."

లోర్నా ఆయన మఫ్లరు అందుకుని కొక్కేనికి తగిలించింది. భోజనాలయ్యాక చెబుదామనుకుంది. భోజనాలప్పుడు, కారు దగ్గరికి వెళ్ళేలోపు చెబుదామనుకుంది.

సిరిల్ కుర్చీ లాక్కుంటూ గాలి పీల్చి నవ్వాడు.

"అబ్బాయ్, ఓవెన్లో ఇంజన్ మూత ఆరబెట్టావా?"

క్లైవ్ చేతిలో కత్తి ఆగింది. "వాసన తెలిసిపోయిందా మీకు?"

"తెలియకేం! మీ అత్త మేవిస్ నన్ను ఇందుకే రెండు రోజులు పస్తు పెట్టింది. నిన్నేమీ అనలేదా మా అమ్మాయి?"

"అంది. బాగానే అంది."

"మంచిపిల్ల. అచ్చం వాళ్ళమ్మే."

రంగు పడిన పక్క కోసి చెత్తలో వేసినా లోర్నాకి ఆ మాంసం ముక్క నోట్లో పెట్టుకుంటే ఇనుము నాకినట్టే ఉంది. గ్రేవీలో బంగాళాదుంపని అటూ ఇటూ దొర్లిస్తూ కూర్చుంది. క్లైవ్ మాత్రం పుడ్డింగు మీద పుడ్డింగు వడ్డించుకున్నాడు. మామగారికి కొసరి కొసరి పెట్టాడు. అతను నమిలే చప్పుడు కూడా భరించలేకపోయింది.

"మాట్లాడవేం తల్లీ?" అన్నాడు సిరిల్.

"తలనొప్పి నాన్నా."

"ఆ రంగు వాసనకే. పద, బయట గాలి తగిలితే పోతుంది."

* * *

గ్యారేజీ తలుపు పైకెత్తి ఉంది. క్లైవ్ మామగారి మోచెయ్యి పట్టుకుని బానెట్ దగ్గరికి నడిపించాడు. సిరిల్ తొడుగులు తీసి జేబులో పెట్టుకున్నాడు. వేళ్ళు చాచి, మూత మీద ఆ చివరి నుంచి ఈ చివరికి మెల్లగా నడిపించాడు.

"ఇదిగో, ఈ మూల సొట్ట. స్పానర్ జారి నేను పెట్టిందే." అతని ముఖం విప్పారింది. "సొట్ట తియ్యకుండా వదిలేశావు. మంచిపని చేశావు అబ్బాయ్."

క్లైవ్ ఆయన తల మీదుగా లోర్నా వైపు చూశాడు. చూశావా అన్నట్టు కనుబొమలెగరేశాడు. లోర్నాకి అతని ముఖం పట్టుకుని ఆ రేకుకేసి రాయాలనిపించింది.

"స్టార్ట్ చెయ్యి," అన్నాడు సిరిల్.

ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంది. దగ్గులేదు, వణుకులేదు. కుట్టుమిషన్ తిరిగినంత మెత్తగా తిరుగుతోంది. సిరిల్ తల ఒక పక్కకి వంచి విన్నాడు. చాలాసేపు విన్నాడు. ముఖంలో నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళ చుట్టూ ఏదో మారింది.

"ఆపు."

క్లైవ్ ఆపేశాడు. పక్కింటి తోటలో ఎవరో గడ్డి కోస్తున్నారు.

"లోర్నా, ఇది నా ఇంజనేనా?"

అల్లుణ్ణి అడగలేదు. ఆమెనే అడిగాడు. ఇంతసేపూ కాచుకున్న సందు ఇదే. ఒక్క ముక్క చాలు. కాని ఆ ముసలి ముఖం తన వైపు తిరిగి ఉంది, ఆశగా ఉంది, పెదవుల మీద ఆ నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.

"నీదే నాన్నా," అనేసింది.

సిరిల్ తొడుగులు బయటికి తీశాడు. ఒక్కో వేలూ దూర్చి తొడుక్కున్నాడు.

"నలభయ్యేళ్ళు జనం నోళ్ళలో వేళ్ళు పెట్టి బతికానమ్మా," అన్నాడు. "కట్టుడుపళ్ళేవో, సొంతపళ్ళేవో నాకు తెలీదనుకున్నారా? వాడంటే అల్లుడు, పరాయివాడు. నువ్వు కూడానా?"

లోర్నా ముఖం మండిపోయింది. పొద్దుటి నుంచి క్లైవ్ మీద పుట్టిన వెలపరమంతా తిరిగొచ్చి తన నోట్లోనే పడ్డట్టయింది.

"తనదేం తప్పు లేదు," అన్నాడు క్లైవ్. "తనకి ఇవాళే తెలిసింది. చేసిందంతా నేను." ఈసారి నీళ్ళు నమలకుండా చెప్పాడు. కొళాయి నీళ్ళు, జ్వరం, గడ్డకట్టడం, చీలిక. మాల్కం టీపాయ్ సంగతి కూడా దాచలేదు.

సిరిల్ తిడతాడనుకున్నారు. ఆయన బంపరు మీద చెయ్యి ఆనించి ఆలోచిస్తూ నిలబడ్డాడు.

"టీపాయా?" అన్నాడు చివరికి. "గడ్డి తిన్న బుద్ధులురా మీవి! సరే, దిమ్మ పోతే పోయింది. అలాంటి దిమ్మలు వెతికితే దొరుకుతాయి. మేవిస్ దాన్ని ముట్టుకోనుకూడా లేదు. హెడ్డు ఏదీ?"

"హెడ్డా?" అంది లోర్నా.

"దిమ్మ పైన బిగించే ముక్కమ్మా. వాల్వులన్నీ ఉండేది అందులోనే. మీ అమ్మ చేతులరిగేలా రుద్దింది దాన్ని. దిమ్మ చీలిందన్నాడు కానీ హెడ్డు చీలిందనలేదుగా! ఏం అబ్బాయ్, హెడ్డుకేమైనా అయిందా?"

"ఏం కాలేదు," అన్నాడు క్లైవ్. "బాగానే ఉంది."

"మరింకేం! చెప్పరేం?" సిరిల్ గొంతు ఒక్కసారి లేచింది. "వేరే దిమ్మ తెచ్చి దాని మీద బిగిస్తే మళ్ళీ అదే మోగుతుంది! మేవిస్ మోగుతుంది! ఎక్కడుందది?"

ఇంత సులువా? ఇంత సులువైన మాటకా ఈ దొంగాటంతా? లోర్నా మొగుడి వైపు తిరిగింది, చెప్పవయ్యా అన్నట్టు.

క్లైవ్ ఆమెనే చూస్తున్నాడు. పొద్దుటి బెదురుచూపు కాదు. జాలిచూపు.

ఆ చూపుతోనే ఆమెకి గుర్తొచ్చింది. మార్చిలో, మైకులో అరుచుకుంటూ పాత ఇనుము వ్యాను వీధిలోకి వచ్చిన రోజు. క్లైవ్ షోరూములో ఉన్నాడు. పాడైన వాషింగ్ మెషీన్ ఇచ్చేద్దామని తనే చెయ్యూపి ఆపింది. వాళ్ళు మెషీన్ ఎక్కిస్తుంటే, వెనక గుమ్మం పక్కన పాత దుప్పట్లో చుట్టి పెట్టిన ఆయిలు కంపు మూట కనపడింది. అంతకు రెండ్రోజుల ముందే దానికి తగిలి కాలివేలు చిట్లింది. "దీన్ని కూడా పట్టుకుపోండి, దరిద్రం వదులుతుంది," అంది. బరువుగా ఉంటే ఒక కొస తనే ఎత్తిచ్చింది. తర్వాత సబ్బు పెట్టి రెండుసార్లు చేతులు కడుక్కుంది. ఎంత హాయిగా అనిపించిందో ఆ పూట!

మొగుడు ఇంటికొచ్చి గుమ్మం దగ్గర కొంతసేపు నిలబడ్డాడు. ఆ మూట ఏదని అడగలేదు. అడిగితే అందులో ఉన్నది హెడ్డని చెప్పాలి. చెబితే దిమ్మ ఏమైందో చెప్పాలి.

"ఏమర్రా, మూగనోము పట్టారా?" అన్నాడు సిరిల్. "హెడ్డు ఏదీ?"

"పారేశాను," అన్నాడు క్లైవ్.

"ఏమిటీ?"

"నేనే సిరిల్. తెలివితక్కువ పని. పాత ఇనుమువాడికి వేసేశాను. అప్పటికి తోచలేదు నాకు."

పచ్చి అబద్ధం. నదురూ బెదురూ లేకుండా చెప్పాడు. చెబుతూ లోర్నా వైపు చిన్నగా తల అడ్డంగా ఊపాడు, నువ్వు నోరెత్తకు అని. ఇన్నేళ్ళ కాపురంలో అతను ఆమె కోసం చెప్పిన మొదటి అబద్ధం అదేనేమో. దానికి ఏడవాలో అసహ్యించుకోవాలో ఆమెకి తెలియలేదు.

సిరిల్ కారు అంచు వదిలేశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఒక్క నిమిషంలో పదేళ్ళు మీద పడ్డట్టు కనిపించాడు.

"వీడు చెప్పేది నిజమేనా లోర్నా?"

లోర్నా క్లైవ్ వైపు చూసింది.

"ఇందాకటిలా చెప్పకు తల్లీ. నిజం చెప్పు." ఎప్పుడూ ఆమె గొంతు వినపడే దిక్కుకి తిరిగేవాడు సిరిల్, ఇప్పుడు ఆ గొంతు లేదు. తొడుగు వేసుకున్న చెయ్యి చాచి గాలిలో ఆమె భుజం కోసం వెతుక్కుంటూ ముందుకొచ్చాడు. "ఎక్కడమ్మా నువ్వు?"

ఆ చెయ్యి తనకి తగలకుండా లోర్నా ఒక అడుగు వెనక్కి వేసింది.